అత్తగారికి రాని జ్వరం

ఆ ఉదయం కోడలు పెందలాడే వంట ముగించి హెల్త్ ఆఫీసుకు పరుగెత్తింది. ఏళ్ల తరబడి అక్కడ జబ్బుల లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్న తాత్కాలిక ఉద్యోగి ఆమె. ఆ రోజు అక్కడ శిక్షణ. అందులో గట్టెక్కితే డేటా నిపుణురాలిగా పర్మనెంటు పోస్టు. లేకపోతే ఇంటికే.

"అభ్యాసం కోసం కొందరు రోగులను కల్పించండి. పేర్లు మీ ఇష్టం," అన్నాడు శిక్షకుడు.

ఇష్టమనగానే ఆమెకు అత్తగారు గుర్తొచ్చింది. పొద్దున కూర బాగాలేదని పుట్టింటివాళ్లను కూడా కలిపి తిట్టిన మనిషికి విషజ్వరం తగిలించింది. వంత పాడిన ఆడపడుచుకూ, గోడ మీదుగా విని నవ్విన పక్కింటావిడకూ అంటించింది. ఇంటి నంబర్లు లేనిదే కంప్యూటర్ ముందుకు కదలదు, ఉన్నవే ఇచ్చింది. కసి తీరాక మీట నొక్కింది. అభ్యాసపు తెరా అసలు తెరా అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ఆమె నింపింది అసలుదాన్ని.

మధ్యాహ్నానికల్లా ఆరోగ్య సిబ్బంది వాళ్ల వీధికి అడ్డంగా తాడు కట్టారు. అత్తగారు ఫోన్ చేసింది.

"ఒసే, నన్ను అంబులెన్సులో ఎక్కిస్తున్నారే! నాకు జ్వరమట!"

"లేదని చెప్పండత్తయ్యా!"

"చెప్పాను. జ్వరం నెత్తికెక్కి వాగుతోందని రాసుకున్నారు!"

కోడలు ఆఫీసరు గదిలోకి పరుగెత్తింది. "సార్, అవి అభ్యాసానికి నేను కల్పించినవి. తీసేయించండి."

ఆఫీసరు తలుపు వేశాడు. "పైవాళ్లు టీవీలో చెప్పేశారమ్మా. ఉన్న జ్వరం తగ్గితే ఎవరూ అడగరు. లేని జ్వరం ఎలా వచ్చిందంటే నా కొంప మునుగుతుంది. నోరు మెదపకు."

రక్తపరీక్షల్లో ఒక్కరికీ జ్వరం లేదని తేలింది. అంత వేగంగా అరికట్టినందుకు ఆఫీసరుకు పతకం, ప్రమోషన్ వచ్చాయి. అత్తగారు కూడా చచ్చి బతికానని వీధంతా చెప్పుకుంది.

శిక్షకుడు మాత్రం కోడలి ముందు పెదవి విరిచాడు. "మీ అభ్యాసపు తెర ఖాళీగా ఉంది. ఒక్క రోగీ లేడు."

"ఉన్నారండీ, ఆస్పత్రికి కూడా వెళ్లొచ్చారు!"

"అది నా పరిధి కాదమ్మా. ఫెయిల్."

చివరి అవకాశంగా ఇంకోసారి శిక్షణకు పంపారు. ఈసారి పాఠం ఆ వీధి విజయగాథే, చెప్పింది ఆఫీసరే. కోడలు ముందు వరుసలో కూర్చుని శ్రద్ధగా రాసుకుంది. పరీక్షలో అన్నీ ఒప్పే, ఒక్కటి తప్ప. తప్పనిసరి ప్రశ్న అది: జ్వరం ఎలా మొదలైంది?

ఆమె నిజం రాసింది. ఉద్యోగం పోయింది.