పావుగంటకో ఫారం

పని చేసేవాళ్ళ వల్ల ప్రపంచం నడుస్తోందని మీరింకా నమ్ముతున్నారా? పొరపాటు! పనిని కొలిచేవాళ్ళ వల్ల నడుస్తోంది. నేనొక పరిశోధన సంస్థలో కొలతల అధికారిని. ఎవరెంత పని చేశారో అరగంటకోసారి ఫారం నింపించడం నా ఉద్యోగం.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. అందుకే మా పెద్దమ్మ కూతురి ల్యాబుతోనే మొదలుపెట్టాను. అక్క అక్కడ ఒకే ఒక్క పరమాణువును పట్టి ఉంచి, లేజర్ వెలుగులో కొలుస్తుంది. వెలుగు తగ్గిస్తే కొలత తప్పుతుందట. పెంచితే పరమాణువు బెదిరి పక్కకు జరుగుతుందట. తప్పు తగ్గితే కుదుపు పెరుగుతుంది, కుదుపు తగ్గితే తప్పు పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య బేరం ఎక్కడ తెగుతుందో తేల్చడమే ఆవిడ పరిశోధన. ఆరు గంటలు ఎవరూ కదిలించకపోతే తేలిపోతుంది. నెలాఖరులోగా తేలకపోతే ల్యాబు మూసేస్తారు.

ఆరు గంటలా? అంటే పన్నెండు ఫారాలు!

తలుపు తీశాను. పరమాణువు కాస్తా పోయింది.

“నీకు పుణ్యముంటుంది తమ్ముడూ, సాయంత్రం దాకా ఇటు రాకురా. అన్నీ కలిపి ఒకేసారి రాసిస్తాను,” అంది అక్క.

“అలాగైతే లెక్క ఉజ్జాయింపుగా ఉంటుందక్కా. శాతాల సారు ఒప్పుకోరు,” అన్నాను.

శాతాల సారంటే మా డైరెక్టరు. ఆయన తుమ్మినా దశాంశాల్లోనే తుమ్ముతారు.

అరగంట చాలదనిపించి పావుగంట చేశాను. పని ఎందుకు ఆలస్యమవుతోందో తెలుసుకోవడానికి రెండో ఫారం పెట్టాను. ఆ రెండూ నింపడానికి ఎంతసేపు పడుతోందో చూడ్డానికి మూడోది. విత్తనం మొలిచిందో లేదో పొద్దస్తమానం తవ్వి చూస్తే తప్పేముంది? దాన్ని శ్రద్ధ అంటారు.

నెలాఖరు రోజు అక్క నింపిన ఫారం నా బల్ల మీదే ఉంది. ‘ఈ పావుగంటలో చేసిన పని: ఈ ఫారం నింపడం.’ దాని కింది ఫారంలోనూ అదే. ఆ కిందిదాంట్లోనూ అదే. వెళ్ళి సరిచూశాను, అక్షరాలా నిజం. ఇంత కచ్చితమైన కొలత మా సంస్థలో ఎవరూ చూడలేదు. నాకు ప్రమోషన్ వచ్చింది.

ల్యాబుకు తాళం పడింది. అక్క నా ఫోను ఎత్తడం లేదు. బాధగానే ఉంది, దాచడమెందుకు? అయినా రూలు రూలే కాబట్టి ఆ ఖాళీ గదికి కూడా పావుగంటకోసారి ఫారం నింపుతున్నాను. కొలతలో తప్పు సున్నా. కుదుపు సున్నా. ఆ రెండూ ఒకేసారి సున్నా కావడం ఈ సృష్టిలోనే జరగదని అక్క ఏళ్ళ తరబడి వాదించింది. నేను నెల తిరక్కుండా సాధించాను. లోపల పనిచేసే మనిషి లేకపోతే చాలు.