గడ్డికి నీడ

మా కాలనీ పచ్చికకు ఎండదెబ్బ తగలకుండా పందిరి వేయించడమైనది. ఆ పందిరి కింద మనుషులు నిలబడరాదని, కూర్చోవాలన్న ఆలోచన అసలే రానీయరాదని సంఘం సవినయంగా మనవి చేస్తోంది. వేసవి చివరికొచ్చినా ఎండలు తగ్గేలా లేవు. ఇలాంటప్పుడు ప్రాణమున్నదాన్ని కాపాడుకోవడం మన కనీస ధర్మం.

కొత్తగా చేరినవారి కోసం కొంత పూర్వచరిత్ర. పచ్చిక ఉన్నచోట ఒకప్పుడు పెద్ద చెట్టు ఉండేది. దాని పేరు ఎవరికీ తెలియదు. ఊరికే నీడ ఇచ్చేవాళ్ళ పేర్లు కనుక్కునే తీరిక మాకెప్పుడూ లేదు. మా అధ్యక్షులవారు ఆ చెట్టు చుట్టూ గడ్డి వేయించారు. ఎందుకంటే పక్క కాలనీ అధ్యక్షుడు వేయించాడు. వాళ్ళిద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అయినా ఇద్దరూ వేశారు.

చెట్టు కింద గడ్డి సరిగ్గా మొలవలేదు. పైగా ఆ చెట్టు ఆకులు రాల్చేది, అదీ సంఘం అనుమతి లేకుండా. కొట్టేయాలా వద్దా అని తేల్చడానికి సమావేశం పెట్టుకున్నాం. హాల్లో ఉక్కపోత భరించలేక కుర్చీలు ఆ చెట్టు కిందే వేయించుకున్నాం. చల్లగాలికి ఒకరిద్దరు కునుకు కూడా తీశారు. "మిత్రులారా! నీడ మనిషిని సోమరిని చేస్తుంది. పచ్చిక ప్రగతికి గుర్తు!" అని అధ్యక్షులవారు ప్రసంగించారు. కునుకు తీస్తున్నవారితో సహా అందరం చేతులెత్తాం.

అధ్యక్షులవారి తల్లిని కాలనీ అంతా బామ్మగారనే పిలుస్తుంది. ఆవిడ గది కిటికీ మీద పడే నీడ ఆ చెట్టుదే. రంపం చప్పుడు విని ఆవిడ బయటికొచ్చి, నలుగురిలోనూ కొడుక్కి గడ్డి పెట్టారు. దాన్ని ఆయన పచ్చిక అభివృద్ధికి అందిన తొలి విరాళంగా స్వీకరించారు.

చెట్టు పోయాక గడ్డికి ఎండ దొరికింది. దొరికిన ఎండకి మాడిపోయింది. మధ్యాహ్నాలు ఇళ్ళకు నీళ్ళు ఆపేసి దానికి పెట్టాం. స్నానాలు మానుకున్న కుటుంబాలను పేరుపేరునా అభినందించాం, కాస్త దూరంగా నిలబడి. అయినా గడ్డి తేరుకోలేదు. చివరికి ఒక తోటల నిపుణుణ్ణి పిలిపించాం. ఆయన అటూ ఇటూ తిరిగి, కొట్టేసిన చెట్టు మొదలు మీద కూర్చుని, చెమట తుడుచుకుని, "ఇక్కడ ఏదైనా నీడ ఉంటే బావుండేదండీ" అన్నాడు. ఇంత లోతైన సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టనందుకు ఆశ్చర్యపోయాం. వెంటనే పందిరి లేచింది. నీడను కనిపెట్టినందుకు అధ్యక్షులవారికి సన్మానం జరిగింది.

ఈలోగా బామ్మగారి గది కొలిమిలా తయారైంది. ఒక మధ్యాహ్నం ఆవిడ కళ్ళు తిరిగి మంచం పక్కన పడిపోయారు. డాక్టరు వచ్చి, పగలంతా నీడపట్టున ఉంచమనీ, మళ్ళీ ఇలా జరిగితే తన చేతుల్లో ఏమీ ఉండదనీ చెప్పి వెళ్ళాడు. ఆ ఇంట్లో చల్లగా ఉండే గది ఒక్కటే. అందులో ఏసీ వేసుకుని, మాడినచోట అతికించడానికి తెప్పించిన గడ్డి చాపలు విశ్రాంతి తీసుకుంటున్నాయి.

మర్నాడు బామ్మగారు కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి పందిరి కింద కూర్చున్నారు. వాచ్‌మన్ ఈల వేశాడు. అధ్యక్షులవారు పరుగున వచ్చారు. వెనకే మేమూ వెళ్ళాం.

"అమ్మా, లే. అందరూ చూస్తున్నారు."

"చూడనీరా. నా గదిలో గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. నువ్వొచ్చి ఓ పూట పడుకో, తెలుస్తుంది."

"రూలు పెట్టింది నేనే. కన్నతల్లి కోసం మార్చేశాడని అనరా రేపు?"

"అయితే నన్నూ గడ్డిలోనే జమ కట్టుకో. పీడా పోతుంది."

ఈ విజ్ఞప్తిని పరిశీలించడానికి అక్కడికక్కడే, పచ్చిక గట్టు మీద, మండుటెండలో అత్యవసర సమావేశం జరిగింది. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "మిత్రులారా! గడ్డి అంటే ఏమిటి? నాటినచోటే ఉండేది! ఎవరు తొక్కినా పల్లెత్తు మాట అననిది! మా అమ్మగారు లేచి వచ్చారు, పైగా మాట్లాడుతున్నారు. కనుక ఆవిడ గడ్డి కాదని బరువెక్కిన గుండెతో తీర్మానిస్తున్నాను!"

అందరం చేతులెత్తాం.

బామ్మగారు మమ్మల్ని ఒక్కొక్కరినే చూశారు. "అయితే వీళ్ళని ఎండలో నిలబెట్టావేంరా? పందిరి కింద నాటించు, పాపం" అన్నారు.

అది మమ్మల్ని మెచ్చుకోవడమే అనుకుని చప్పట్లు కొట్టాం. ఆవిడ లేచి, రెండడుగులకోసారి ఆగి ఆయాసం తీర్చుకుంటూ, కుర్చీని ఈడ్చుకుంటూ తన గదికేసి వెళ్ళారు. ఎవరైనా వెళ్ళి ఆ కుర్చీ అందుకుంటే బావుండేదని మా అందరికీ అనిపించింది. కానీ మధ్యలో పచ్చిక ఉంది. దాని మీద కాలు పెట్టకూడదు కదా.