అంగుళం తగ్గిన మొగుడు

ఆ సోమవారం పొద్దున్నే టైలరమ్మా, ఆవిడ భర్తా ఒక ఒప్పందానికి వచ్చారు. ఇకమీదట మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది వరకే తిండి. మిగతా పదహారు గంటలూ మంచినీళ్ళు, పాలు లేని కాఫీ. ఇద్దరూ కలిసి మొదలుపెట్టి, ఇద్దరూ కలిసి తగ్గాలి.

"ఇందులో కష్టమేముంది? మనసు గట్టిగా ఉండాలంతే," అని చెప్పి భర్త ఏడుంపావుకల్లా ఆఫీసుకి వెళ్ళిపోయాడు. అక్కడ ఆయన ముందు ఫైళ్ళుంటాయి. వాటిని ఎవరూ తినరు.

టైలరమ్మ ముందు ఇద్దరు పిల్లలున్నారు. పెద్దది రొట్టె అంచులు వదిలేస్తుంది. చిన్నాడు ఒకరోజు గుడ్డులో పచ్చసొన ముట్టుకోడు, మర్నాడు తెల్లసొన ముట్టుకోడు. డబ్బాలు సర్దేటప్పుడు ఉప్పు సరిపోయిందో లేదో చూడాలి. మిగిలింది పారేద్దామంటే చెయ్యి రాదు. బడి బస్సు కదిలేసరికి ఆవిడ ఉపవాసానికి నాలుగు చోట్ల చిల్లులు పడేవి. పిల్లల ఎంగిలి తిండి కిందికి రాదని తనకు తాను సర్దిచెప్పుకుంది గాని, ఆ సంగతి ఆవిడ నడుముకి ఎవరూ చెప్పలేదు.

ఇంటి ముందుగదే ఆవిడ కొట్టు. వీధికి అవతల ఇంకో టైలరు ఉంది, ఆవిడా ఆడమనిషే. ఈ ఏడు బడి యూనిఫారాలు ఇద్దరిలో ఎవరికివ్వాలో వచ్చే నెలాఖరులోగా తేలుస్తానని హెడ్మిస్ట్రెస్ చెప్పి ఉంది. ఆ పని దొరికితే ఏడాదంతా కొట్టుకి ఢోకా లేదు. దొరక్కపోతే జిప్పులు మార్చుకుంటూ, అంచులు మడుచుకుంటూ కూర్చోవాలి.

మూడో వారంలో భర్త ప్యాంటు పట్టుకుని కొట్లోకి వచ్చాడు.

"నడుము వదులైపోయింది. ఒక అంగుళం తగ్గించు," అన్నాడు, బట్టలివ్వడానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళకి వినపడేలా.

"అబ్బ, ఎంత సన్నబడ్డారండీ," అన్నారు వాళ్ళు. తర్వాత ఇద్దరి చూపూ టైలరమ్మ మీదికి వచ్చి, మర్యాదగా గోడ గడియారం మీదికి జరిగింది.

టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది. తెల్లారి లేచి వండేది తను, ఆ వాసనంతా పీల్చేది తను, పిల్లల వెంట పరుగెత్తేది తను. తగ్గేది మాత్రం కుర్చీలో కూర్చున్న మహానుభావుడా? ఇదేం న్యాయం? అంగుళం అడిగితే ఒకటిన్నర బిగించేసింది. పై అర అంగుళం కుట్టేటప్పుడు ప్రాణానికి ఎంతో హాయిగా ఉంది.

మర్నాడు ఆ ప్యాంటు గుండీ పట్టలేదు. నలుగురి ముందూ గొప్పలు పోయిన మనిషి, పట్టలేదని పెళ్ళాంతో ఎలా చెబుతాడు? సంచిలో కుక్కుకుని, వీధి దాటి, ఎదురుకొట్టులో అర అంగుళం వదులు చేయించుకున్నాడు. పొట్ట మళ్ళీ పెరుగుతోందన్న భయంతో ఉపవాసం పద్దెనిమిది గంటలకి పెంచాడు.

"సరిపోయిందాండీ?" అని సాయంత్రం టైలరమ్మ ఏమీ ఎరగనట్టు అడిగింది.

"అచ్చు గుద్దినట్టు," అన్నాడాయన.

ఒక్క రాత్రిలో ఇంకో అర అంగుళం కరిగిపోయాడా? ఆ పూట టైలరమ్మ రెండు జాకెట్లకి చేతులు తలకిందులుగా అతికింది.

తర్వాతి వారం ఆయన మళ్ళీ అంగుళం తగ్గించమన్నాడు. ఈవిడ రెండు అంగుళాలు బిగించింది. ఆయన మళ్ళీ వీధి దాటాడు. మళ్ళీ అచ్చు గుద్దినట్టే. ఉపవాసం ఇరవై గంటలకి ఎక్కింది, బుగ్గలు లోపలికి పోయాయి. ఇంటికొచ్చి చూసిన అత్తగారు, "నా కొడుక్కి తిండి పెడుతున్నావా, బట్టలే కుడుతున్నావా?" అని అడిగేసి వెళ్ళింది. అన్నం మానేసి అందం పెంచుకునేది ఆయన, మాటలు పడేది తను. ఆ ఉక్రోషంలో ఆ పై వారం ఇంకో పావు అంగుళం ఎక్కువే బిగించింది.

ఆ శుక్రవారం సాయంత్రం హెడ్మిస్ట్రెస్ వచ్చింది. టైలరమ్మ ఇస్త్రీ చేసిన నమూనా చొక్కాతో గుమ్మంలోనే ఎదురెళ్ళింది. సరిగ్గా అప్పుడే ఎదురుకొట్టు పరదా పక్కకి తొలిగి, చొక్కా సర్దుకుంటూ ఆవిడ భర్త బయటికొచ్చాడు. ముఖాన చిరునవ్వుంది. ఇంట్లో ఆ నవ్వు చూసి నెల దాటింది.

"మళ్ళీ వారం కూడా వస్తారుగా?" అంది వెనకనుంచి ఎదురుకొట్టావిడ.

ఈ సన్నబడ్డం ఎవరికోసమో ఇప్పుడు తెలిసిందనుకుంది టైలరమ్మ.

"ఆయన మీ ఇంటాయనే కదమ్మా?" అంది హెడ్మిస్ట్రెస్.

"అవునండీ."

"బట్టలు అక్కడ కుట్టించుకుంటారా?"

"ఏమోనండీ."

"ఇంటాయనకే లేని నమ్మకం, మూడొందల మంది పిల్లల విషయంలో నాకెలా వస్తుంది?" అని హెడ్మిస్ట్రెస్ వీధి దాటేసింది. పని ఎదురుకొట్టుకి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఎదురుకొట్టావిడ చేతిసంచితో లోపలికి వచ్చింది.

"బడి పని చాల్లేదా? మొగుడు కూడా కావాలా నీకు?" అంది టైలరమ్మ, కత్తెర కింద పెట్టకుండానే.

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. "మీ ఆయన నాకెందుకక్కా? ఆయన ప్యాంటుతోనే నాకు తీరికలేదు. వారం వారం మీరు బిగిస్తారు, నేను విప్పుతాను. అంగుళమే తగ్గించమన్నానని ఆయనంటాడు, విప్పి చూస్తే రెండంగుళాలుంటుంది. మొదటిసారి పొరపాటనుకున్నాను. రెండోసారికి అర్థమైంది."

టైలరమ్మ కత్తెర కింద పెట్టేసింది. "ఆయనకి చెప్పేశావా?"

"లేదు. పొట్ట పెరుగుతోందనుకుని మాడి చస్తున్నాడు. నిన్న నా కొట్లో కళ్ళు తిరిగి కూర్చుండిపోయాడు. నాలుగు బిస్కెట్లు పెడితే పసిపిల్లాడిలా నవ్వుకుంటూ తిన్నాడు."

టైలరమ్మకి ఏడుపు ఆగలేదు. "ఆయన మీద కోపం లేదే నాకు. ఆయన తగ్గి నేను తగ్గలేదని అక్కసు, అంతే. అన్నం తినే మనిషిని చేతులారా మాడ్చాను. ఇవాళే అన్నీ విప్పేస్తాను."

"విప్పేయండి. బడి పని కూడా సగం మీరే కుట్టండి. హెడ్మిస్ట్రెస్‌కి నేను చెప్పుకుంటాను."

"ఇంత మంచితనం ఎందుకమ్మా నామీద?" అంది టైలరమ్మ అనుమానంగా.

ఎదురుకొట్టావిడ ఒకసారి వీధివైపు చూసి, సంచిలోంచి ఒక మగవాళ్ళ ప్యాంటు తీసి బల్లమీద పెట్టింది.

"మా ఆయన కూడా ఈ సోమవారం మొదలుపెట్టాడక్కా. అప్పుడే బెల్టుకి కొత్త చిల్లు పెట్టించుకుని వీధంతా చూపిస్తున్నాడు. నేనేమో పిల్లల ఎంగిలి తిని తిని ఇలాగే ఉన్నాను. నేను బిగిస్తే నా కుట్టు గుర్తుపట్టేస్తాడు."

టైలరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ప్యాంటు తిరగేసి, నడుము పట్టీని వేళ్ళతో తడిమి చూసింది.

"మొదటి వారమే కదా, ముప్పావు అంగుళం చాలు," అంది.