తెలియకపోవడంలో శిక్షణ

ఇకమీదట మా కంపెనీలో చట్టవిరుద్ధంగా ఏం జరిగినా అది ఎవరికీ తెలియకుండా ఉండేందుకు సమగ్రమైన ఏర్పాట్లు పూర్తయ్యాయని ఛైర్మన్ గారు సభాముఖంగా ప్రకటించగానే హాలంతా చప్పట్లతో మారుమోగింది. ముందు వరుసలో కూర్చున్న కార్మిక మంత్రిగారు కూడా కొట్టారు. నేను రిసెప్షనిస్టుని కనుక నాకు కుర్చీ దొరకలేదు. నిలబడే కొట్టాను. ఎందుకంటే ఆ ఏర్పాట్లన్నీ చేసింది మా మరిది. మా కంపెనీ లీగల్ హెడ్.

మేం నేలలు శుభ్రం చేసే మందు తయారుచేస్తాం. అందులో చట్టానికేం పని అని మీరనుకోవచ్చు. మా మరిది ఎంత విడమరచి చెప్పాడో వినండి.

"ఏదైనా జరిగితే చట్టం కంపెనీని అడిగే మొదటి ప్రశ్న, మీకు ముందే తెలుసా అని. తెలుసంటే నేరం. తెలియదంటే ప్రమాదం. నేరానికి శిక్ష పడుతుంది, ప్రమాదానికి సానుభూతి దొరుకుతుంది. మనకేది కావాలి?"

"సానుభూతి!" అన్నారు సూపర్‌వైజర్లు ముక్తకంఠంతో.

మంత్రిగారు మైకు అందుకుని, "మా శాఖలో ఇది ఎప్పట్నించో ఉందండీ. కాకపోతే ఇంత పద్ధతిగా లేదు" అని వినయంగా ఒప్పుకున్నారు.

మర్నాటి నించే శిక్షణ మొదలైంది. ఒక సూపర్‌వైజరుకి సందేహం వచ్చింది.

"సార్, మెషీను తగలబడుతుంటే కళ్ళకి కనబడుతుంది కదండీ?"

"కనబడడం వేరు, తెలియడం వేరు. మీరొచ్చి నాకు చెబితేనే కంపెనీకి తెలిసినట్టు."

"చెప్పకపోతే?"

"ఇవాళ ఉక్కగా ఉందనుకోండి."

ఫిర్యాదుల ఫోను నా బల్ల మీదే పెట్టారు. ఎవరైనా చేస్తే నేను అనాల్సిన మాట కూడా మా మరిదే నేర్పాడు. "మీరు చెప్పబోయేది మాకు చాలా ముఖ్యమండీ. అందుకే దయచేసి చెప్పకండి."

మా మరిది ఆఫీసులో ఒకలాగా ఇంట్లో ఇంకోలాగా ఉండే మనిషి కాదు. ఆయన భార్య, అంటే నా తోడికోడలు, మా కంపెనీలోనే మందు కలిపే విభాగంలో కెమిస్టు. ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర ఆవిడ అంది:

"ఏవండీ, కాస్టిక్ పంపుకి వాషరు పోయింది. సందులోంచి చిమ్ముతోంది. ఎవరి మొహాన పడినా కళ్ళు పోతాయి."

మా మరిది ఎంగిలి చేత్తోనే చెవులు రెండూ మూసుకున్నాడు. "నాకు చెప్పకే! నాకు చెబితే కంపెనీకి చెప్పినట్టే!"

"కట్టుకున్న మొగుడికి చెప్పుకుంటున్నానండీ."

"ఆ మొగుడే లీగల్ హెడ్డు."

"అయితే లీగల్ హెడ్డు గార్ని కాస్త జరగమనండి. మా ఆయనతో మాట్లాడాలి."

మా మరిది కంచం పట్టుకుని లేచాడు. "వదినా, నేనిక్కడ లేను, మీరే సాక్ష్యం" అని వెళ్ళి వసారాలో కూర్చున్నాడు. "ఎంత నిష్ఠో చూడు మావాడికి!" అన్నారు మా ఆయన మురిసిపోతూ.

నా తోడికోడలు నా వైపు తిరిగింది. "ఆ వాషరు నా గాజంత కూడా ఉండదక్కా. రేపు నేనే కొనుక్కెళ్ళి బిగించేస్తాను."

"కొనకు!" అని వసారాలోంచి కేక వినబడింది. "కొంటే పాడైందని ఒప్పుకున్నట్టే!"

ఆవిడ పట్టువదలకుండా మర్నాడు సూపర్‌వైజరు దగ్గరికెళ్ళింది. "ఇవాళ ఉక్కగా ఉందమ్మా" అన్నాడాయన. నాక్కూడా ఫోన్ చేసింది. నేను అనాల్సిన మాటే అన్నాను. "నువ్వు కూడానా అక్కా" అని పెట్టేసింది.

ఆ వారంలోనే పంపు చిమ్మింది. ఆవిడ మొహాన్నే.

మా మరిదీ నేనూ ఆసుపత్రికి పరుగెత్తాం. నొప్పికి తట్టుకోలేకపోతోందని మత్తు సూది ఇచ్చారట, ఆవిడకి స్పృహ లేదు. తీసుకొచ్చిన తోటి ఉద్యోగులు గోడ వైపు తిరిగి నిలబడ్డారు. శిక్షణ ఎంత బాగా వంటబట్టిందో ఆ వీపులు చూస్తేనే తెలుస్తోంది.

డాక్టరు విసురుగా బయటికొచ్చారు. "కళ్ళు కడుగుతూనే ఉన్నాం. లోపల పడింది యాసిడా, కాస్టిక్కా? తొందరగా చెప్పండి. ఆలస్యమయ్యేకొద్దీ చూపు పోతుంది."

అందరూ మా మరిది వైపు చూశారు.

"నన్ను ఏ హోదాలో అడుగుతున్నారు డాక్టరుగారూ?"

"ఆవిడ మీకేమవుతుంది?"

"భార్య."

"ఆ హోదాలోనే!"

మా మరిది చెమట తుడుచుకుని, ఒక్క నిమిషం అని వేలు చూపించి, ఛైర్మన్ గారికి ఫోన్ చేశాడు. "సార్, భర్తగా ఒక మాట చెప్పొచ్చాండీ?" ఛైర్మన్ గారి గొంతు మాక్కూడా వినబడింది. "మీరెవరి గురించి మాట్లాడుతున్నారో, దేని గురించి మాట్లాడుతున్నారో నాకు తెలియడం లేదండీ." అంత కష్టంలోనూ మా మరిది ముఖం వెలిగింది. తన శిష్యుల్లో ఇంత త్వరగా నేర్చుకున్నవారు మరొకరు లేరు.

ఈలోగా నేను డాక్టరుకి చెప్పేశాను. "కాస్టిక్కండీ."

"ఎంత పని చేశారు వదినా!" అన్నాడు మా మరిది. "మీకెలా తెలుసు?"

"మనింట్లో, భోజనాల దగ్గర విన్నాను."

"అప్పుడు నేనున్నానా?"

"లేవులే."

మంత్రిగారు స్వయంగా విచారణ జరిపించారు. యాజమాన్యానికి ఏమీ తెలియదని, ఇది ప్రమాదమేనని తేలింది. కంపెనీ మొత్తం మీద ముందే తెలిసిన ఉద్యోగి రిసెప్షన్‌లో ఒకావిడ ఉన్నట్టు కూడా తేలింది. ఆ కుర్చీలో ఇప్పుడు వేరే అమ్మాయి కూర్చుంటోంది. చాలా మర్యాదస్తురాలు.

కట్లు విప్పే రోజున అందరం వెళ్ళాం. మా మరిది పళ్ళు కూడా తెచ్చాడు. డాక్టరు నెమ్మదిగా దూది తీసి, టార్చి వేసి చూశారు.

"నా చెయ్యి కనబడుతోందామ్మా?"

"కనబడుతోందండీ."

"ఆ గోడ మీద?"

"గడియారం. ఆగిపోయినట్టుంది."

"ఈవిడెవరు?"

"మా అక్క. జుట్టుకి రంగేసుకుంది."

"మరి ఈయన?"

మా మరిది పళ్ళ సంచీతో సహా ముందుకు వంగాడు. ఆవిడ ఆయన్ని తల దగ్గర్నించి బూట్ల దాకా, మళ్ళీ బూట్ల దగ్గర్నించి తల దాకా, తీరిగ్గా చూసింది.

"తెలియదండీ" అంది.

డాక్టరు కంగారుపడి టార్చి మళ్ళీ వెలిగించారు.