బాబుగారి ఇరవయ్యారు డిగ్రీలు

అయ్యా, చేపకి గొడుగు పట్టినవాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. పేరు ఆదినారాయణ. పద్నాలుగేళ్ళుగా సినిమాల్లో ఆర్ట్ అసిస్టెంటుని. అట్టముక్కలతో కోటలు కట్టి జనాన్ని నమ్మించడం నా వృత్తి.

ఆ మే నెలలో జూబ్లీహిల్స్ బంగళాలో షూటింగు. ఉప్పునీళ్ళ తొట్టిలో ఎర్రచేప ఈదుతుంటే పక్కన హీరో ఏడవాలి. సగం ఏడ్చాక హీరోగారి డేట్లు అయిపోయాయి. మిగతా ఏడుపు మూడు వారాల తర్వాత.

డైరెక్టరు త్రినాథరావుగారు నా భుజమ్మీద చెయ్యి వేశారు. ఆయన చెయ్యి వేస్తే ఏదో పని అంటగడతారని అర్థం.

"ఈ చేప క్లోజప్‌లో పడిపోయిందయ్యా. దాని తెల్లచార మధ్యలో తెగి ఉంది చూడు, ఇలాంటిది ఇంకోటి దొరకదు. కంటిన్యుటీ! మీ ఇంట్లో పెట్టి బతికించు. ఆర్ట్ డైరెక్టరుగా టైటిల్ నీకే వేస్తాను."

తెరమీద నా పేరు కోసం ఎదురుచూసి కళ్ళు కాయలు కాచినవాణ్ణి. సరేనన్నాను. తొట్టి, పంపు, సామాన్ల పెట్టెతో సహా చేప కృష్ణానగర్‌లో మా రెండు గదుల ఇంటికి వచ్చింది. హీరో లెవెల్లో చూసుకోవాలి కనుక బాబుగారని పేరు పెట్టాను.

"నీళ్ళు ఇరవయ్యారు డిగ్రీలుండాలి. పెరక్కూడదు, తగ్గకూడదు," అని మా ఆవిడ సత్యలక్ష్మికి చెప్పాను.

"కిటికీ దగ్గర పెడితే ఎలా ఉంటాయండీ? ఆ చీకటి మూలకి జరిపి, చుట్టూ తడి గోనెసంచి చుట్టండి. మంచినీళ్ళ కుండకి చేసేదేగా."

"కుండ కాదే ఇది. టెక్నికల్ విషయం."

మధ్యాహ్నం థర్మామీటరు ముప్పై రెండు చూపించింది. ఐసు కవర్లో కట్టి దించాను. ఇరవై రెండుకి పడిపోయింది. కంగారుగా వేడినీళ్ళ సీసాలు దించాను. ముప్పై ఒకటి. మళ్ళీ ఐసు. ఎండ పడుతోందని గొడుగు. నాలుగు రోజులు ఇదే పని. ఒళ్ళు హూనమైపోయింది. బాబుగారు తిండి మానేసి ఓ పక్కకి ఒరిగిపోయారు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

"ఏందమ్మా, సారు గా చేపను ఓసారి ఉడకబెడుతుండు, ఓసారి గడ్డకట్టిస్తుండు?" అంది పనిమనిషి కొమురమ్మ.

"దానికి జ్వరం రావట్లేదే, ఈయనే తెప్పిస్తున్నారు," అంది మా ఆవిడ.

ఐదో రోజు నేను లేచేసరికి తొట్టి చీకటి మూలలో ఉంది, ఒంటినిండా గోనెసంచితో. ఆడవాళ్ళిద్దరూ నీళ్ళు బిందెల్లోకి తోడి మరీ జరిపారట. అరుద్దామని థర్మామీటరు చూస్తే ఇరవయ్యారు. మధ్యాహ్నం ఇరవయ్యారు. సాయంత్రం ఇరవయ్యారు. నాలుగు రోజుల నా కష్టానికి నీళ్ళు దారికొచ్చాయని తేల్చుకుని పడుకున్నాను. ఆ తర్వాత మూడో రోజుకి బాబుగారు తిండి ముట్టారు.

మూడు వారాలు గడిచాక త్రినాథరావుగారు స్వయంగా వచ్చారు. తొట్టిలో బాబుగారు చక్కర్లు కొడుతున్నారు.

"ఎలా సాధించావయ్యా?"

నేను అరగంట చెప్పాను. మా ఆవిడ కాఫీలు పెట్టి తలుపు దగ్గర నిలబడింది.

"ఒక్క డిగ్రీ కదల్లేదు సార్! థర్మామీటరు ఎంత సున్నితమో చూడండి," అంటూ దాన్ని తొట్టిలోంచి తీసి, పొగలు కక్కుతున్న నా కాఫీలో ముంచాను.

ఇరవయ్యారు.

త్రినాథరావుగారు దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పారు. "క్లోజప్‌లో కనబడాలని ఎర్రరంగు పోసి నువ్వే చేసిన డమ్మీ కదయ్యా ఇది!"

నేను మా ఆవిడ వైపు చూశాను.

"సామాన్ల పెట్టెలో దొరికింది," అంది. "అసలుది బియ్యం డబ్బాలో దాచాను. అది కనబడితే మీ చేతులు ఊరుకోవుగా. రోజూ నేనూ కొమురమ్మా చూసుకుంటూనే ఉన్నాం. ఇరవై ఎనిమిది దాటలేదు."

"జర సారు దూరమున్నడు, చేప బతికింది," అంది లోపల్నించి కొమురమ్మ.

త్రినాథరావుగారు కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. "చేసినవాడే మోసపోయాడంటే ఆర్ట్ బాగున్నట్టేనయ్యా. టైటిల్ నీదే."

పద్నాలుగేళ్ళు ఎదురుచూసిన మాట అలా వినాల్సివచ్చింది. తల వంచుకుని ఆ కాఫీ తాగాను. ఉప్పగా ఉంది. ఇంకో కప్పు అడగలేదు.