ముద్ర పడిన మోకాలు

తన బరువెంతో తానే చెప్పుకునే అధికారం గాలికి లేదు. ఆ అధికారం ప్రభుత్వ వాయుపీడన విభాగానిది. గాలి తన ఇష్టం వచ్చినట్టు బరువెక్కినా, తేలికపడినా అది దాని సొంత వ్యవహారం. విభాగం సంతకం పడ్డాకే దాన్ని వాయుపీడనం అనాలి.

ఈ సంగతి తూకాలాయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. కూరగాయల కొట్టు తక్కెడ దగ్గర్నుంచి పెట్రోలు బంకు దాకా ఆయన ముద్ర లేనిదే ఏదీ కదిలేది కాదు. అలాంటాయనకు బావమరిది ఒక వాతావరణ యంత్రం కొనిచ్చి, మేడ మీద బిగించి మరీ వెళ్ళాడు. ఎండ, తేమ, గాలి వేగం అన్నీ హాల్లోని చిన్న తెర మీద కనిపిస్తాయి. వాయుపీడనం మాత్రం ఫోన్లో చూపించేదానికన్నా ఎనిమిది మిల్లీబార్లు తక్కువుంది.

"ఎనిమిదేగా బావా! పైకి వెళ్ళేకొద్దీ గాలి బరువు తగ్గుతుంది, ఆ ఎత్తు లెక్క కలుపుకోవాలి. ప్రభుత్వ కేంద్రం అంకె ఎంతుంటే అంతకి తిప్పెయ్, సరిపోతుంది," అన్నాడు బావమరిది.

తూకాలాయనకు ఒళ్ళు మండింది. ఆయన తన జన్మలో ఒక్క తూకం రాయిని కూడా "సరిపోతుంది" అని వదిలిపెట్టలేదు. ముద్ర లేని యంత్రం తన ఇంట్లో, అదీ హాల్లో ఉందంటే ఆయనకు తిండి సయించలేదు. మర్నాడే ఇస్త్రీ చొక్కా వేసుకుని వాయుపీడన విభాగానికి వెళ్ళాడు.

"మా ప్రామాణిక బారోమీటరు సరిచూడ్డానికి పై ఆఫీసుకి వెళ్ళిందండీ. ఇంకా రాలేదు," అన్నాడు సూపరింటెండెంటు.

"ఎప్పుడు వెళ్ళింది?"

"నేను ఉద్యోగంలో చేరకముందు." (సూపరింటెండెంటు వచ్చే నెల రిటైరవుతున్నాడు.)

"మరి రోజూ అంకె ఎలా ఇస్తున్నారు?"

"నిన్నటి అంకె ఉంటుంది కదండీ," అన్నాడు సూపరింటెండెంటు, ఎంతో ఓపికగా. "అయినా మీకో దారుంది. పద్నాలుగో నిబంధన. ఏళ్ళ తరబడి తప్పు చెప్పకుండా పనిచేసిన సాధనం ఇంకోటి అదే ఇంట్లో ఉంటే, దాంతో సరిచూసి ముద్ర వెయ్యొచ్చు. ఉందా?"

ఇక్కడే తూకాలాయన కొంప ముంచుకున్నాడు. పాపం, ఆయనకు అబద్ధం చెప్పడం చేతకాదు.

"సాధనమంటే... మా ఆవిడ ఎడం మోకాలుందండీ. వాన ముందురోజే సలుపు మొదలవుతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు."

సూపరింటెండెంటు నవ్వలేదు. కలం తీశాడు. "ఎడం అన్నారు కదూ?"

ఆ వారమంతా ఇద్దరు ఉద్యోగులు వచ్చి, ఆవిడను తెర ఎదుట కుర్చీలో కూర్చోబెట్టి పరిశీలించారు. నొప్పిని సలుపు, పోటు, అమ్మో అని మూడు శ్రేణులుగా విభజించి మిల్లీబార్లలోకి మార్చారు. ఆ ప్రకారం యంత్రాన్ని తిప్పారు. యంత్రానికీ ముద్ర పడింది, మోకాలికీ పడింది. (మోకాలికి వేసింది కడిగితే పోయే సిరాయే. ఆ మాత్రం దయ విభాగానికి ఉంది.)

వేరే బారోమీటరు లేదు కనుక, ఆ మోకాలే ఊరంతటికీ ప్రామాణికమైంది. పొద్దున్నే సూపరింటెండెంటు ఫోను చేసేవాడు.

"అమ్మగారూ, ఇవాళెలా ఉంది?"

"సలుపుగానే ఉంది నాయనా."

గంటలో రేడియోలో చినుకులు పడతాయని చెప్పేవారు. పడేవి. వాతావరణ సూచనలు నిజమవుతున్నాయని విభాగంలో కొంత ఆందోళన కూడా వ్యక్తమైంది.

ఇంతలో ఆవిడకు ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న మోకాలి ఆపరేషను. మేడ మెట్లెక్కి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. ఆ వెనకే విభాగం నుంచి ఇంకో కబురు: ప్రామాణిక సాధనాన్ని అనుమతి లేకుండా విప్పరాదు, మార్చరాదు, నొప్పి మందు రాయరాదు.

"ఏవండీ, నా మోకాలి మీద వాళ్ళ పెత్తనమేమిటండీ?"

"అది కాదే... ముద్ర పడ్డ సాధనాన్ని విప్పితే ముద్ర చెల్లదు కదా..." అని నసిగాడు తూకాలాయన.

ఆవిడ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచింది. తూకాలాయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. చెప్పులేసుకుని తిన్నగా విభాగానికి పోయాడు.

"మాకు ముద్రా వద్దు, మీరూ వద్దు. తీసెయ్యండి!"

"తీసెయ్యాలంటే మోకాలు తప్పు చెబుతోందని రుజువు కావాలండీ. రుజువు చెయ్యడానికి మా దగ్గర బారోమీటరు లేదు."

తూకాలాయన జీవితంలో మొట్టమొదటిసారి నిబంధన తప్పాడు. అనుమతి లేకుండా భార్యను కారెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఎందుకో ఆయనకు హాయిగా అనిపించింది.

మర్నాడు పొద్దున్న వార్డుకే ఫోనొచ్చింది. ఆవిడకు మత్తు అప్పుడే దిగుతోంది.

"అమ్మగారూ, ఇవాళ?"

"అమ్మో! అమ్మో! అమ్మో!"

మూడు అమ్మోలకు పట్టికలో గడి లేదు. మహా తుఫాను అని ప్రకటించారు. బస్సులు ఆపారు, బడులు మూశారు. ఎండ పెళపెళలాడుతోంటే పిల్లలు వీధుల్లో చీకటిపడేదాకా ఆడుకున్నారు.

క్రమంగా ఆవిడ కోలుకుంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మేడ మెట్లెక్కింది. "చూశారా, చూశారా!" అంటూ చిన్నపిల్లలా నవ్వింది. తూకాలాయనకు ప్రాణం లేచొచ్చింది. విభాగం ఫోను మాత్రం ఆగలేదు. ఆవిడా విసుక్కోకుండా రోజూ ఒకటే మాట చెబుతోంది: "హాయిగా ఉంది నాయనా."

ఒకరోజు కుండపోతగా వాన పట్టుకుంది. తెర మీద పీడనం జారిపోతోంది. తూకాలాయన ఆగలేక ఫోను చేశాడు.

"వానండీ! వీధులు మునిగిపోతున్నాయి!"

"మోకాలేమంటోంది?"

"హాయిగా ఉందంటోంది."

"అయితే మీ యంత్రం తప్పండీ. తిప్పుకోండి."

ఆ ఊళ్ళో వానాకాలం అధికారికంగా రద్దయింది. ప్రస్తుతం తడుస్తున్నవాళ్ళందరూ తమ సొంత పూచీ మీద తడుస్తున్నారు.