మాస్టారి నడుమూ, పడవలో నీళ్ళూ

జక్రయ్య మాస్టారి నడుముకి ఏ జబ్బూ లేదు. అయినా ఆ వేసవిలో ఆ నడుము కోసం ప్రార్థన చేయని ఇల్లు వాళ్ళ చర్చి సంఘంలో ఒక్కటి కూడా లేదు.

మాస్టారు గుంటూరులో ఒక మిషన్ హైస్కూల్లో ఏళ్ళ తరబడి భూగోళం చెప్పి రిటైరైన మనిషి. గంగనీ, బ్రహ్మపుత్రనీ నల్లబల్ల మీద సుద్దముక్కతో పారించాడు గానీ, ఏ నదిలోనూ మోకాలు దాటి దిగలేదు. ఈత రాదు. అబద్ధం ఆడటం అంతకన్నా రాదు.

భార్య పేరు సంతోషకుమారి. ఆయన ‘సంతోషం’ అని పిలిచేవాడు. ఎవరైనా గుమ్మంలో నిలబడి, “సంతోషం ఇంట్లో ఉందా మాస్టారూ” అంటే, “ఉంది. వంటింట్లో ఉంది. పొద్దుటినుంచీ కోపంగా ఉంది, చూసుకుని వెళ్ళండి” అనేవాడు. పిల్లలు లేరు. ఉన్నదిద్దరే కాబట్టి పోట్లాటలు కూడా వాళ్ళిద్దరే పంచుకోవలసి వచ్చేది. పొద్దున్న కాఫీతో మొదలైన పోట్లాట రాత్రి ప్రార్థన దగ్గర ఆగేది. ‘ఆమెన్’ అన్నాక మళ్ళీ అందుకునేది.

వాళ్ళుండేది మిర్చి యార్డు పక్క వీధి. సీజను వచ్చిందంటే ఆ ఘాటుకి వీధి వీధంతా దగ్గుతుంది. అందరూ దగ్గుతున్నప్పుడు ఒక్క మనిషి దగ్గుని ఎవరు వేరుగా వింటారు? సంతోషకుమారి దగ్గుని ఎవరూ వినలేదు. నాలుగు మెట్లెక్కి కూలబడిపోయినప్పుడు గానీ మాస్టారు ఆమెని ఆస్పత్రికి తీసుకెళ్ళలేదు.

అక్కడ ఆమె వీపులో సూది గుచ్చి, ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీళ్ళు తీశారు. తర్వాత డాక్టరు మాస్టారిని వరండాలోకి పిలిచి, ఆ నీళ్ళు ఎందుకు చేరాయో చెప్పాడు. మళ్ళీ చేరతాయన్నాడు. మళ్ళీ తీయవచ్చు గానీ, వానాకాలం దాటడం కష్టమన్నాడు. “ఈ మిరపకాయల ఘాటుకి దూరంగా, మంచి గాలి తగిలేచోట ఉంచండి. అంతకు మించి మనం చేయగలిగింది లేదు” అన్నాడు.

వరండాలోంచి గదిలోకి వచ్చేలోపు మాస్టారు ఒక అబద్ధం తయారు చేసుకోవాలి. అలవాటు లేని పని.

“ఏమన్నాడు?” అంది సంతోషకుమారి.

“నడుం” అన్నాడు మాస్టారు.

“ఎవరి నడుం?”

“నాదే. నేను నడిచే తీరు చూసి కనిపెట్టాడు. కొన్నాళ్ళు ఏటిగాలి పీల్చాలట.”

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. “నా వీపులోంచి నీళ్ళు తీసి, మీ నడుముకి గాలి రాశాడా?”

“పెద్ద డాక్టరు మరి.”

“మరి నాకో?”

“నీకు తగ్గిపోయింది. నీళ్ళు తీసేశారుగా.”

ఆమె ఇంకేమీ అడగలేదు. మాస్టారు అది తన తెలివే అనుకున్నాడు.

ఆయన లెక్క ఏమిటంటే, సంతోషకుమారి తన ఆరోగ్యం కోసం ఇల్లు కదిలే మనిషి కాదు. మొగుడి ఆరోగ్యం కోసమైతే తిట్టుకుంటూనైనా కదులుతుంది.

కదిలింది. అమరావతి రేవులో చెంచురామయ్యకి ఒక పడవ ఉంది. చెంచురామయ్య పొగాకు వ్యాపారి, మాస్టారి దగ్గర చదువుకున్నవాడు. మంచి రోజుల్లో స్నేహితులతో కృష్ణలో షికారు తిరగడానికి దాన్ని చేయించాడు. రేకుల కప్పు కింద ఒక గది, ముందు చిన్న వసారా, వెనక వంటకి మూల. ఇంజను చెడిపోయాక దాన్ని ఊడదీసి, పడవని మోకులతో రేవుకి కట్టి వదిలేశాడు. “వేసవంతా ఉండండి మాస్టారూ. కొంచెం తేమ చేస్తుందంతే” అన్నాడు తాళం చేతిలో పెడుతూ.

తేమంటే ఏమిటో మర్నాడు పొద్దున్నే తెలిసింది. మాస్టారు మంచం దిగేసరికి ఆయన చెప్పులు ముందే లేచి గదంతా తిరుగుతున్నాయి.

“పడవలో నీళ్ళున్నాయి” అంది సంతోషకుమారి మంచం మీదనుంచే.

“ఏట్లో పడవ కదా, ఉంటాయి.”

“ఏట్లో పడవుండాలి గానీ, పడవలో ఏరెందుకండీ?”

సంగతి ఇది. అంట్లు తోమిన నీళ్ళూ, స్నానం నీళ్ళూ, రేకుల మీది వాన నీళ్ళూ నేల చెక్కల సందుల్లోంచి పడవ అడుక్కి దిగుతాయి. అక్కడినుంచి ఏట్లోకి పోవడానికి పడవ పక్కన చెక్కలో ఒక తూము ఉంది. ఆ తూము ఎప్పుడో పూడిపోయింది. దాంతో వచ్చిన నీళ్ళన్నీ పడవ కడుపులోనే ఉండిపోతున్నాయి. చెక్క ఎత్తి, వంగి, డాల్డా డబ్బాతో ముంచి పోయాలి.

“డబ్బా ఇలా ఇవ్వండి” అంది సంతోషకుమారి.

“వద్దు, నువ్వు వంగకూడదు.”

“నేనెందుకు వంగకూడదు? నాకు తగ్గిపోయిందిగా. వంగకూడనిది మీరు.”

మాస్టారు నడుం పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. ఎప్పుడు ఏ నొప్పికి ఏ పక్క పట్టుకోవాలో ఆయనకింకా స్థిరపడలేదు. పొద్దున్న కుడిపక్క పట్టుకునేవాడు, సాయంత్రానికి ఎడమపక్క.

ఆ రోజునుంచి ఆమె మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు మాస్టారు దొంగలా చెక్క ఎత్తి నీళ్ళు తోడటం మొదలుపెట్టాడు. ఆమె కదిలితే డబ్బా మంచం కిందికి తోసి, మూలుగుతూ పడుకునేవాడు.

“ఒళ్ళంతా తడిసిందేం?” అంది ఒకరోజు.

“చెమట.”

“చెమటలో నాచెక్కడిదండీ?”

ఆయన కూరగాయలకి బజారుకెళ్ళి వచ్చేసరికి కొన్ని రోజులు పడవ అడుగు పొడిగా ఉండేది. ఎవరు తోడారో తెలియలేదు. ప్రభువు మీద భారం వేసిన ఫలితమనుకున్నాడు.

ఆమె పోట్లాటలో మాత్రం తేడా వచ్చింది. మాట మధ్యలో ఊపిరి అందక ఆగిపోయేది. ఆ ఆగిన చోట ఏం అనబోయిందో మాస్టారికి తెలుసు. ఇన్నేళ్ళు విన్న మాటలే. ఆమె మళ్ళీ ఊపిరి తీసుకునేదాకా తలొంచుకుని కాచుకునేవాడు. రెండుసార్లు గుంటూరు తీసుకెళ్ళి నీళ్ళు తీయించాడు. రెండుసార్లూ ఆమె బస్సులో అందరికీ వినబడేలా, “మా ఆయన నడుం చూపించడానికి వెళ్తున్నాం” అని చెప్పింది.

మే నెలలో ఒక ఆదివారం పొద్దున్న మాస్టారు తూము సంగతి తేల్చాలనుకున్నాడు. ఆమె లేవకముందే పాత గొడుగు చువ్వ ఒకటి తీసుకుని, వసారా అంచున బోర్లా పడుకుని తూములో పొడవడం మొదలుపెట్టాడు. ముందు బురద వచ్చింది. తర్వాత గడ్డి వేళ్ళూ పీచూ వచ్చాయి. తర్వాత ఒక పీత బయటికొచ్చి, ఇల్లు ఖాళీ చేయించిన మనిషిని ఒకసారి చూసి, ఏట్లోకి దూకింది. దాని వెనక నీళ్ళు వచ్చాయి. అన్నాళ్ళూ నిలవున్న మురికినీళ్ళు సన్నటి ధారగా, ఏ అడ్డూ లేకుండా ఏట్లో పడిపోతున్నాయి.

అవి అంత తేలిగ్గా పోవడం చూసి మాస్టారు అక్కడే పడుకుని కాసేపు ఏడ్చాడు. తర్వాత ఏటినీళ్ళతో ముఖం కడుక్కుని, నడుం పట్టుకుని లోపలికి వెళ్ళాడు.

ఆ సాయంత్రమే గుంటూరునుంచి సంఘం వాళ్ళు బస్సు దిగారు. పాస్టరు ఇమ్మానియేలు గారు, పెద్దలు, పాటల బృందం, ఆ బృందానికి పెద్దదిక్కైన ఎలీసమ్మ గారు. ఎలీసమ్మ గారిది భారీ విగ్రహం. గొంతు కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది.

“మాస్టారి నడుం కోసం ప్రార్థన చేద్దామని వచ్చామండి” అన్నాడు పాస్టరు గారు.

అందరూ పడవెక్కారు. మాస్టారిని మధ్యలో మంచం మీద పడుకోబెట్టి చుట్టూ చేరి కళ్ళు మూసుకున్నారు. నీళ్ళు పల్లానికి పారతాయని ఏళ్ళ తరబడి పిల్లలకి చెప్పిన మనిషి, పల్లం ఏ పక్కనుందో ఆ పూట చూసుకోలేదు. ఇద్దరున్నప్పుడు తూము ఏటి మట్టానికి పైన ఉంది. ఇంతమంది ఎక్కేసరికి పడవ కిందికి కుంగింది. తూము నీళ్ళలో మునిగింది. పొద్దున్న బయటికి పోయిన దారినే కృష్ణ లోపలికి రావడం మొదలుపెట్టింది.

ఇమ్మానియేలు గారి ప్రార్థన తొందరగా అయ్యేది కాదు. పాదాలు తడిశాయి. భక్తి వల్ల ఎవరూ కళ్ళు తెరవలేదు. చీలమండలు మునిగాయి. “స్తోత్రం” అంది ఎలీసమ్మ గారు, కొంచెం వణుకుతూ.

“ప్రభువా,” అంటున్నాడు పాస్టరు గారు, “నీ దాసుడు జక్రయ్యకి ధైర్యమియ్యి. రేపు ఆ ఇంట్లో ఒంటరిగా మిగిలినప్పుడు ఆయన తిండి మానకుండా, నీ మీద అలగకుండా...”

మాస్టారు కళ్ళు తెరిచాడు. మంచం కోళ్ళు సగం మునిగి ఉన్నాయి. ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చున్న సంతోషకుమారి అప్పటికే కళ్ళు తెరిచి ఆయన్నే చూస్తోంది.

ఆయన ఒక్క ఉదుటున లేచాడు. చెక్క పీకి, డాల్డా డబ్బాతో తోడుతూ, “బయటికి నడవండి, తూము మునిగింది” అని అరిచాడు. అందరూ ఒకేసారి రేవు పక్కకి వచ్చారు. పడవ కూడా వాళ్ళతోబాటు ఆ పక్కకి ఒరిగింది. పాటల బృందం వరసగా పాస్టరు గారి ఒళ్ళో పడింది. రేవులో పడవ నడిపే సిలార్ తన పడవ తెచ్చి ఆనించి, ఒక్కొక్కరినీ చెయ్యిపట్టి దింపాడు. మాస్టారు భార్యని రెండు చేతుల మీద ఎత్తుకుని సిలార్ పడవలో కూర్చోబెట్టి, తిరిగొచ్చి, తుండుగుడ్డ ఉండచుట్టి తూములో కుక్కి, అడుగు కనబడేదాకా తోడాడు. సంఘమంతా రేవు మెట్ల మీద నిలబడి ఆ నడుముని చూసింది.

“నడుం ఎలా ఉంది మాస్టారూ?” అన్నాడు పాస్టరు గారు పంచె పిండుకుంటూ.

మాస్టారు చెయ్యి అలవాటుగా నడుం మీదికి పోయింది. మళ్ళీ దించేశాడు. “అయ్యగారూ, ప్రార్థనలో ఒంటరిగా అన్నారు...”

పాస్టరు గారు తలొంచుకున్నాడు. “అమ్మగారే కబురు పెట్టిందండి. నడుం కోసం కాదు, మీ ధైర్యం కోసం ప్రార్థించమంది. మీ ముందు మాత్రం నడుమనే అనమంది. నోరు జారాను.”

“నన్ను కూడా చెప్పొద్దన్నారు మాస్టారూ,” అన్నాడు సిలార్. “మీరు బజారుకెళ్ళినప్పుడల్లా నీళ్ళు తోడింది నేను. మీరు దొంగచాటుగా తోడి అలిసిపోతున్నారని అమ్మగారు పిలిపించేవారు.”

జనం వెళ్ళిపోయాక ఇద్దరూ తడి వసారాలో కూర్చున్నారు. ఎండ ఏటి అవతలి గట్టు మీదికి దిగింది.

“ఎప్పుడు తెలిసింది?” అన్నాడు మాస్టారు.

“మీరు నడుం అన్నప్పుడే. మీకు నొప్పొస్తే వీధి చివరిదాకా వినబడుతుంది. నా ఒక్కదానికి, అంత మెల్లగా చెబితే నేను నమ్ముతానా?”

“మరి ఎందుకొచ్చావు?”

“ఎన్నడూ లేంది, నా కోసం అంత కష్టపడి అబద్ధమాడారు. పాడు చేయబుద్ధి కాలేదు.” కాసేపు ఊపిరి కూడదీసుకుంది. “ఇప్పుడు నిజం చెప్పండి. ఎన్నాళ్ళన్నాడు?”

మాస్టారు డాల్డా డబ్బాలో మిగిలిన నీళ్ళు ఏట్లోకి వంచాడు. ఆమె తొందరపెట్టలేదు.

“వానాకాలం దాటడం కష్టమన్నాడు” అన్నాడు చివరికి.

సంతోషకుమారి ఏటికేసి చూసింది. కొంగు తీసి కళ్ళు ఒత్తుకుంది. “అయితే ఆవకాయ పెట్టే టైముంది” అంది. “ఈసారి మీరు కలపండి. నేను చెబుతాను. ఏడాదికి సరిపడా ఉండాలి మీకు.”

మాస్టారు ఇక ఆపుకోలేకపోయాడు. మోకాళ్ళలో తలపెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. ఆమె ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

“ఏడవండి. ఎంతసేపైనా ఏడవండి. తూము బాగుచేశారుగా” అంది.

ఆవకాయ ఆ పడవలోనే పెట్టారు. ఉప్పు ఎక్కువైందని ఆమె, కారం తక్కువైందని ఆయన రోజంతా పోట్లాడుకున్నారు. నడుం నొప్పి లేని మొగుడు కాబట్టి ఆమె ఇప్పుడు బహిరంగంగా పని చెప్పేది. సిలార్ భార్య జానీబీ ఒకసారి తగవు తీర్చడానికి పడవెక్కి, కాసేపు కూర్చుని విని, తిరిగి వెళ్ళిపోయింది. “వాళ్ళది తగవు కాదు, కబుర్లు” అని మొగుడితో చెప్పింది.

ఏటికి కొత్తనీరు వస్తుందనగా ఇంటికి వచ్చేశారు. ఆగస్టులో ఆమెని ఆస్పత్రిలో చేర్చారు. ఈసారి నీళ్ళు తీసినా ఊపిరి కుదుటపడలేదు. ఒక మధ్యాహ్నం ఆమె, వెళ్ళి అన్నం తినిరమ్మంది. మాస్టారు కదల్లేదు. మళ్ళీ చెప్పింది. ఆకలిగా లేదన్నాడు. “మొండి మనిషి” అని అటు తిరిగి పడుకుంది. మళ్ళీ కళ్ళు తెరవలేదు.

సమాధి దగ్గరనుంచి ఇంటికి వచ్చాక సంఘం వాళ్ళు మాస్టారి చుట్టూ కూర్చున్నారు. ఏ వాక్యమో, ఏ దర్శనమో ఉండే ఉంటుందని ఎలీసమ్మ గారు ముందుకు వంగి, “చివరగా ఏమైనా చెప్పిందాండీ?” అని అడిగింది.

“చెప్పింది” అన్నాడు మాస్టారు. “మొండి మనిషి అంది.”

ఎలీసమ్మ గారు కాసేపు ఆలోచించింది.

“నిజమే కదండీ” అంది.

పక్కనున్నవాళ్ళు ఆవిడ మోచెయ్యి పొడిచారు. కానీ అప్పటికే మాస్టారు నవ్వుతున్నాడు. కళ్ళనీళ్ళు గడ్డం మీదినుంచి కారుతుంటే, తుడుచుకోకుండా, “నిజమే, నిజమే” అంటూ నవ్వుతున్నాడు.